వణకని రింగు

మా డ్రిల్ మేడం పోయారని మొన్న పొద్దున ఫోను వచ్చింది. చేసింది నాతో చదువుకున్న స్నేహితురాలు. "మేడం పోయినారు మే," అని, "సాయంత్రమే ఎత్తేస్తారంట, రా," అంది. నేనిప్పుడు తనకల్లులో డ్రిల్ టీచర్ని. అప్పటికే పిల్లల్ని గ్రౌండులో వరసగా నిలబెట్టి ఉన్నాను. ఆ పీరియడ్ పూర్తి చేశాకే బస్సెక్కాను. పిల్లల్ని మధ్యలో వదిలేసి వచ్చానని తెలిస్తే ఆవిడ ఊరుకునే మనిషి కాదు.

తొంభైల చివర్లో ఆవిడ ఉరవకొండ దగ్గరి మా ఊరి హైస్కూలుకు వచ్చారు. అంతవరకూ ఆటల పీరియడ్ అంటే మగపిల్లలకు కబడ్డీ, మాకు గ్రౌండులో రాళ్ళు ఏరే పని. మేడం వచ్చిన కొద్దిరోజులకే రెండు గుంజలు పాతించి, వల కట్టించి, ఎర్ర రబ్బరు రింగు ఒకటి మా చేతికిచ్చారు. టెన్నికాయిట్. వల మీదుగా రింగు విసరాలి, అవతలివాళ్ళు దాన్ని కింద పడనీయకుండా పట్టుకుని తిరిగి విసరాలి. చూడ్డానికి ఇంతే. కానీ గాల్లో రింగు వణికిందంటే తప్పే. పళ్ళెంలా చదునుగా తిరుగుతూ పోవాలి.

నాది మొరటు చెయ్యి. చేలో పిట్టల్ని తోలడానికి రాళ్ళు విసిరి అలవాటైన చెయ్యి. బలంకొద్దీ విసిరితే రింగు తాగినవాడిలా ఊగుతూ పోయేది.

"యాడికి మే తొందర? చెయ్యి ముందే పోతాండాది. నువ్వింకా ఈడనే ఉండావు," అనేవారు మేడం.

బడి గోడకు ఎదురుగా మూరెడు దూరంలో, కుడి భుజం వల వైపు పెట్టించి నిలబెట్టారు నన్ను. రింగును ఎడమ చంక దాకా తెచ్చుకుని, ఛాతీ పక్కగా తిన్నగా లాగి వదలాలి. చెయ్యి గుండ్రంగా తిరిగితే మోచెయ్యి గోడకు గీసుకుపోయేది. గీసుకుపోయింది కూడా, చాలాసార్లు. ముందు కాలు ఆనాలి, తర్వాత నడుము తిరగాలి, ఆ తర్వాత భుజం, మోచెయ్యి. "మణికట్టు ఆఖర్న. అంతవరకు దాన్ని పండుకోనీ," అనేవారు. ఇంకో మాట కూడా చెప్పేవారు. "విసిరేది నిదానంగా ఉండాల. పోయేది కాదు."

నేను విసురుతుంటే ఆవిడ నాకు వీపు చూపించి నిలబడేవారు. చెవితోనే చూసేవారన్నమాట. అడుగు చప్పుడూ రింగు చప్పుడూ కలిసి వినపడితే తల అడ్డంగా ఊపేవారు. ఎన్నాళ్ళకో ఒక సాయంత్రం, రింగు నా చేతిలోంచి ఎప్పుడు పోయిందో నాకే తెలియలేదు. వల మీదుగా జారినట్టు పోయింది. మేడం వెనక్కి తిరగకుండానే "అదీ," అన్నారు. నాకు ఏడుపొచ్చింది.

నేను తొమ్మిదిలో ఉండగా వానలు పూర్తిగా ఎగ్గొట్టాయి. బడి పక్కనే ఊరి పెద్దాయన చీనీ తోట, అన్నీ బత్తాయి చెట్లు. బడికి స్థలం ఇచ్చిందీ ఆయనే. తోట ఎండిపోతుంటే, అరచేతిలో టెంకాయ పెట్టుకుని, భూమిలో నీళ్ళెక్కడున్నాయో చెప్పే మనిషిని పిలిపించాడు. ఆ మనిషి తోటంతా తిరిగి, బళ్ళోకి వచ్చి, సరిగ్గా మా కోర్టు మధ్యలో ఆగాడు. టెంకాయ నిటారుగా లేచింది. మర్నాడు పొద్దున్నే బోరు లారీ వచ్చింది.

హెడ్మాస్టరు గది దాటి బయటికి రాలేదు. మేడం మమ్మల్ని కోర్టులోకి పిలిచి, "ఆడండి," అన్నారు. లారీ హారన్ మోగుతూనే ఉంది. పెద్దాయన దగ్గరికొచ్చాడు.

"ఏమ్మా టీచరమ్మా, ఈ జాగా నాదని తెల్దా?"

"ఇచ్చేంతవరకు మీదే, అన్నా. ఇచ్చినాక పిల్లోళ్ళది."

"చెట్లు సచ్చిపోతాండాయి. ఆడపిల్లోళ్ళ ఆట కోసం నీళ్ళు ఆపుతావా?"

"మీ తోటలో శానా జాగా ఉండాది. ఆడ ఏసుకోండి."

"ఎంతసేపు ఆడిస్తావో నేనూ చూస్తా."

"పొద్దు గూకేవరకు. మళ్ళా రేపు," అని, నావైపు తిరిగి, "రింగు వణుకుతాండాది. కాలు ఆనించు," అన్నారు.

ఆనించాను. మధ్యాహ్నానికి లారీవాళ్ళు విసిగిపోయారు. వాళ్ళకు వేరే ఊళ్ళో పని ఉంది. చివరికి గోడ అవతల తోటలోనే బోరు దించారు. తెల్లటి రాతిపొడి లేచి మా మీద పడుతుంటే, వోణీలు మూతికి కట్టుకుని ఆడాం. నీళ్ళు పడలేదు. మాలో ఎవరో కిసుక్కుమంటే మేడం కళ్ళెర్రజేశారు. "చెట్లు సస్తాంటే నగేదేముండాది?"

తర్వాత ఆవిడే పెద్దాయన ఇంటికి పోయి, ఆ రాతిపొడి మా కోర్టుకు కావాలని అడిగారు. ఆయన "తీసుకపో," అన్నాడట. గంపలతో మోసి పరిచాం. ఆ నేల మీద ఆడి జిల్లా పోటీలకు పోయాం, సెమీఫైనల్లో ఓడిపోయాం. బస్సులో ఏడుస్తుంటే, "ఓడిపోయినారు, అంతే. ఓడిపోయేవాళ్ళ మాదిరి ఆడలేదు," అన్నారు.

ఈమధ్య మేడంకి రొమ్ములో క్యాన్సర్ గడ్డ వచ్చి, మందులకు జుట్టంతా ఊడిపోయినా సెలవు పెట్టలేదు. బోడితలతోనే గ్రౌండుకొచ్చేవారు. తలకు గుడ్డ కట్టుకొమ్మని నేను బతిమాలితే, "ఎండ నాకేమన్నా కొత్తనా?" అన్నారు.

ఆవిడ పెళ్ళి చేసుకోలేదు. అన్నయ్య ఒక్కడే దిక్కు. మొన్న సాయంత్రం పాడె కట్టడం అయ్యాక, అప్పటి జట్టులోవాళ్ళం నలుగురం కొంగులు బిగించి ముందుకొచ్చాం. బంధువు ఒకాయన అడ్డం నిలబడ్డాడు.

"ఆడోళ్ళు పాడె మోసేది యాడన్నా ఉండాదా?"

"ఈడ ఉండాది," అంది నా స్నేహితురాలు.

ఆవిడ అన్నయ్య మమ్మల్ని ఒకసారి చూసి, ఆ బంధువు చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకుపోయాడు. మేం ఎత్తుకున్నాం. మా ఎత్తులు వేరు, మాలో పొట్టిది తువ్వాలు మడిచి భుజం మీద పెట్టుకుంది. వీధి కుళాయి దగ్గర మలుపు తిరిగేసరికి, నీళ్ళు వదిలే వేళ. వారానికొకసారి వచ్చే నీళ్ళు. వరసలో ఉన్న ఆడవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు మా వెంట నడిచారు. వెనకాల కుళాయి కింద బిందె నిండి పొర్లిపోతోంది. ఎవరూ తిరిగి చూడలేదు.