కచ్చా కుట్టు దారం

మా వదిన చెయ్యి పడితే కచ్చా కుట్టు దారం తెగదు. ఈ మాట నేనన్నది కాదు, రోజుకోసారి ఆవిడే చెప్పుకుంటుంది. కోటు కుట్టేటప్పుడు గుడ్డ జరిగిపోకుండా ముందు వదులుగా పెద్ద పెద్ద కుట్లు వేస్తారు, అదే కచ్చా కుట్టు. అసలు కుట్టు పడ్డాక ఆ దారం తీసేయాలి. ఊళ్ళో దర్జీలందరూ దాన్ని కత్తిరించి ముక్కలుగా పీకుతారు. వదిన అలా కాదు. ఎడమ అరచేత్తో గుడ్డని బల్లకి అదిమిపట్టి, కుడిచేత్తో కొస పట్టుకుని, ఊపిరి బిగబట్టి మెల్లగా లాగుతుంది. ఎక్కడైనా పట్టేస్తే ఒక్క గుంజు. మెడ దగ్గర మొదలైన దారం కింది అంచుదాకా ఒకే పోగుగా వచ్చేస్తుంది. దాన్ని అట్టముక్కకి చుట్టి మళ్ళీ వాడుతుంది. అది చుట్టేటప్పుడు ఆవిడ మొహం చూడాలి, అబ్బో, ఊరు గెలిచొచ్చినట్టు ఉంటుంది.

వీధిలో ఆవిడ పేరు కత్తెర. కత్తిరించేది గుడ్డనా మనుషుల్నా అని ఎవరూ అడగరు, రెండూ నిజమే కాబట్టి. ఇంట్లో ఏది చెడినా ఆవిడే బాగుచేయాలి. కుళాయి కారినా, ఫ్యాను ఆగినా, నా పంటికి నొప్పొచ్చినా సరే. బయటివాళ్ళ చెయ్యి పడితే ఆవిడకి నామోషీ. పెళ్ళి పెటాకులై నేను ఈ ఇంటికి చేరిన రోజునే నా చేతిలో సూది పెట్టి, "కాజాలూ గుండీలూ నీ వాటా, ఏడుపు తర్వాత" అంది. మంచి మాటే అనుకోండి. కాకపోతే ఆ తర్వాత అనేది ఇంతవరకూ రానివ్వలేదు.

అప్పట్లో కత్తిరింపు అన్నయ్యది, కుట్టు వదినది. ఒకరోజు పొద్దున్నే బల్ల దగ్గర నిలబడ్డ మనిషి చేతిలోంచి కత్తెర జారిపోయింది. మూతి ఓ పక్కకి లాగేసింది. "రాత్రి నిద్ర లేదు కదా, నరం పట్టేసి ఉంటుంది, పడుకోండి" అని వదిన కాళ్ళూ చేతులూ పట్టి, నూనె రాసి, దుప్పటి కప్పి, మిషను మీద కూర్చుంది. సాయంత్రానికి గానీ ఆస్పత్రికి కదల్లేదు. అక్కడి డాక్టరు అందరి ముందూ ఒకటే మాటన్నాడు, "ఇంత ఆలస్యంగానా తీసుకొచ్చేది? పొద్దున్నే తెస్తే ఈ చెయ్యి మిగిలేదమ్మా." అంతే. అన్నయ్యకి కుడిచెయ్యి పోయింది, మాట పోయింది. కిటికీ పక్క కుర్చీ మిగిలింది.

ఆ కుర్చీలోకే వచ్చి చేరింది పీలిక. గుడ్డపీలికల గంపలో ఎవరో పడేసి పోయిన పిల్లిపిల్ల. వదిన చీపురు తిరగేసేలోపు అన్నయ్య ఎడమచెయ్యి చాపాడు, అది ఎగిరి ఒళ్ళో కూర్చుంది. అప్పటినుంచీ ఆ చెయ్యి చేసిన పని ఒకటే, పీలిక వీపు నిమరడం. దాన్ని చూసి నవ్వేవాడు కూడా. వంకర మూతితోనే, పళ్ళు కనిపించేలా. వదిన అన్నం కలిపి నోట్లో పెడితే మాత్రం గోడకేసి చూసేవాడు. "నేను ఒళ్ళు హూనం చేసుకుంటుంటే ఆ నవ్వు దాని మొహానా!" అని వదిన నా దగ్గర ఎన్నిసార్లు పళ్ళు నూరిందో. ఆవిడ బాధ నాకు తెలియంది కాదు. కానీ పీలిక లేకపోతే మా అన్నయ్య ఏమైపోతాడో కూడా నాకు తెలుసు.

అలాంటి పీలిక తిండి మానేసింది. తాగిన నీళ్ళు కూడా పచ్చగా కక్కేసింది. ఒళ్ళో కూర్చోలేక, దిగలేక, కడుపు కిందికి కాళ్ళు ముడుచుకుని కళ్ళు సగం మూసి ఉండిపోయింది. అన్నయ్య నా వైపు చూస్తాడు, వీధి వైపు చెయ్యి చూపిస్తాడు, "ఆ... ఆ..." అంటాడు. ఇంత తెలియనిదాన్నా నేను? డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళమని.

"వదినా, పెద్ద రోడ్డు మీద పశువుల డాక్టరమ్మ ఉందిగా. ఓసారి చూపిద్దాం."

"హోటలు వాళ్ళ కోట్లు నెత్తి మీద కూర్చున్నాయి. పిల్లి ఓ పూట తినకపోతే కొంప మునగదు. ఏ ఎలకనో మింగుంటుంది, అరిగితే అదే లేస్తుంది."

పక్క కొట్లో ఇస్త్రీ బాబాయి పెట్టె పక్కన పెట్టి మరీ వచ్చాడు, ఇలాంటివి వదులుకోడు. "పిల్లికి ఆస్పత్రా! మంచం కూడా వేస్తారేంటమ్మాయ్? నాకు నడుం నొప్పని నెల్రోజులుగా మొత్తుకుంటున్నా, మా ఇంట్లో పలికినవాళ్ళు లేరు. వచ్చే జన్మలో మీ ఇంట్లో పిల్లిగా పుడతా."

"పుట్టు బాబాయ్, ఆ బట్టతలకి బొచ్చన్నా వస్తుంది" అన్నాను. వదిన పకపకా నవ్వింది. అన్నయ్య నవ్వలేదు. పీలిక మళ్ళీ కక్కింది.

మర్నాటికి అది తల ఎత్తడం మానేసింది. అన్నయ్య అన్నం ముద్ద మూతి దగ్గరికి రానివ్వలేదు. వదిన బతిమాలింది, కసిరింది, కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఉహూఁ. పెదాలు బిగించి వీధి వైపు చెయ్యి చూపించడమే. నాకు ఒళ్ళు మండిపోయింది.

"నీ గుండేమైనా రాయా? నువ్వు వెళ్ళకపోతే చెప్పు, నేను పోతా."

వదిన నన్ను వంటింట్లోకి లాక్కుపోయి, గొంతు తగ్గించి అంది, "నాకు లేకనా మనసు? తీసుకెళ్తే ఆ డాక్టరమ్మ ఏమంటుందో నాకు తెలుసు. ఇంత ఆలస్యమా అంటుంది. ఆ మాట మళ్ళీ పడమంటావా నన్ను? ఆ ఒక్క మాటకే ఆయన నా మొహం చూడ్డం మానేశారు."

జాలేసింది, కోపమూ పోలేదు. "ఇప్పుడు వెళ్తే అది ఆలస్యం అవదు వదినా" అన్నాను.

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని ముందుగదిలోకి వచ్చింది. "సరేనండీ, తీసుకెళ్తా. ఇదిగో, చెప్పులు కూడా వేసుకున్నా. ఒక్క ముద్ద తినండి" అంది. అన్నయ్య నోరు తెరిచాడు. తింటూ వదిన మొహంలోకి చూశాడు. ఎన్నాళ్ళకో చూశాడు. వదిన కూడా ఆయన్నే చూస్తూ మెతుకులు ఆయన చొక్కా మీద పడేసింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

నేను సంచిలో మెత్తటి గుడ్డ పరిచాను. వదిన రెండు చేతులా పీలికని ఎత్తింది. ఎత్తి, అలాగే ఆగిపోయింది. తోక కింద నుంచి తెల్లటి కొస ఒకటి వేలాడుతోంది. దారం. మా ఇంటి కచ్చా కుట్టు దారం.

వదిన మొహం ఎలా వెలిగిందో చెప్పలేను. "ఓసి నీ దుంపతెగ! దారం మింగి చచ్చావుటే! ఇంతేనా!" అంటూ చెప్పులు విడిచేసింది.

"వదినా, వద్దు. డాక్టరమ్మ తీస్తుంది."

"దారం సంగతి ఆవిడ చెప్పాలా నాకు? చాల్లే."

పీలికని కత్తిరింపు బల్ల మీద పడుకోబెట్టింది. ఎడమ అరచెయ్యి దాని కడుపు మీద అదిమిపెట్టింది. కుడిచేత్తో కొస పట్టుకుంది. అన్నయ్య కుర్చీలోంచి సగం లేచి, ఎడమచేత్తో ఆవిడ మోచెయ్యి పట్టుకుని "ఆ! ఆ!" అని అరిచాడు.

"కదపకండీ, తెగుతుంది" అంటూ విదిలించుకుంది.

నేను చూస్తున్నాను. దారం కొద్దికొద్దిగా వచ్చింది. తర్వాత పట్టేసింది. ఆవిడ ఊపిరి బిగబట్టింది. ఒక్క గుంజు గుంజింది.

పిల్లి అలా అరవగలదని నాకు తెలీదు. అరిచి, ఒక్కసారి కాళ్ళు చాపేసి, మెత్తబడిపోయింది. దారం మొత్తం వచ్చేసింది, ఒకే పోగు, ఎక్కడా తెగకుండా. చివర కాస్త ఎర్రగా ఉంది. వదిన దాన్ని గాల్లోకి ఎత్తి అన్నయ్యకి చూపించింది. "చూశారా! అయిపోయింది. దీనికోసం రోడ్డెక్కి మాటలు పడాలా?" పీలికని తీసుకెళ్ళి ఆయన ఒళ్ళో పెట్టింది. అది కదలకుండా పడుకుంది. "చూడు, ఎంత హాయిగా పడుకుందో" అని మిషను మీద కూర్చుంది, కూనిరాగం తీస్తూ.

కోట్లకి గుండీలు కుడుతూనే నేను దాన్ని చూస్తున్నాను. కడుపు ఉబ్బుతోంది. చెవులు ముట్టుకుంటే చల్లగా ఉన్నాయి. ఎవర్నీ అడగలేదు. సంచి కూడా వెతుక్కోలేదు. పైటలో చుట్టుకుని పరుగెత్తాను. వెనక నుంచి వదిన "ఎక్కడికే?" అంటూనే ఉంది.

డాక్టరమ్మ చిన్న వయసుదే. కడుపు మీద చెయ్యి వేయగానే ఆవిడ మొహం మారింది. "ఏదైనా మింగిందా?"

"దారమండీ. కొస బయటికొస్తే లాగేశాం."

"లాగారా?" ఆవిడ నా వైపు చూడలేదు. "లోపల పేగంతా ఆ దారం చుట్టూ కుచ్చులు పడి ఉంటుందండీ. లాగితే పేగులే కోసుకుపోతాయి. లాగకుండా తెచ్చుంటే ఆపరేషను చేసి బతికించేదాన్ని." సూది మందు తీసేలోపే పీలిక పోయింది. బరువు మాత్రం ఏమీ తగ్గలేదు, అలాగే ఇంటికి మోసుకొచ్చాను.

వదిన గుమ్మంలోనే నిలబడి ఉంది. "ఏమందే?" అంది. కనుబొమలతో లోపలికి సైగ చేసింది, ఆయన ముందు వద్దని. ఆ మాట మింగేయాల్సిన అవసరం నాకు కనిపించలేదు. డాక్టరమ్మ ఏమందో మొత్తం చెప్పాను, కుచ్చుల దగ్గర్నుంచీ. అన్నయ్యకి వినపడేలా చెప్పాను. వదిన గుమ్మం పట్టుకుని చతికిలబడింది. "కుచ్చులు పడితే లాగకూడదని నాకు తెలీదా, నాకు తెలీదా" అని అదే మాట అంటూ కూర్చుంది.

అన్నయ్య ఏడవలేదు. ఒళ్ళో ఖాళీ చెయ్యి పెట్టుకుని ఆ కత్తిరింపు బల్లనే చూశాడు.

ఆ తర్వాత హోటలు వాళ్ళ కోట్లు వెళ్ళిపోయాయి, వేరే కోట్లు వచ్చాయి. మొన్న పొద్దున వదిన అన్నయ్యకి స్నానం చేయించి, ఉతికిన చొక్కా తొడుగుతోంది. రెండో గుండీ దగ్గర దారప్పోగు ఒకటి వేలాడుతోంది. నేను కుట్టిన గుండీయే. వదిన అలవాటుగా ఎడమ అరచెయ్యి ఆయన గుండె మీద ఆనించి, కుడిచేత్తో కొస పట్టుకుంది.

అన్నయ్య అరిచాడు. ఆ రోజు అరిచిన అరుపే. ఎడమచేత్తో చొక్కా పిడికిట్లో బిగించుకుని గోడకి నక్కిపోయాడు.

"దారమే కదండీ" అంది వదిన. "ఊడిపోయిన దారమే. చూడండి, కత్తెరతో తీస్తా, లాగను. నేనేం చేస్తానండీ మిమ్మల్ని?" కత్తెర తెచ్చింది. దాన్ని చూసి ఆయన ఇంకా ముడుచుకుపోయాడు.

నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. పిడికిలి దానంతటదే వదులైంది. వంగి ఆ పోగుని పంటితో కొరికేశాను. అన్నయ్య నా తల మీద చెయ్యి వేసి, మెల్లగా నిమరడం మొదలుపెట్టాడు. వదిన కత్తెర పట్టుకుని అక్కడే నిలబడి చూస్తోంది.