ఒకే పెట్టెలో రెండు కాపురాలు

పదహారేళ్ళుగా ఆ ఇంట్లో కంప్యూటరమ్మ అంటే పెద్దకోడలే. అచ్చాఫీసులో కంప్యూటరు మీద పుస్తకాలకు పేజీలు కట్టే పని ఆమెది. ఇంట్లో ప్రింటరు మొరాయించినా, ఫోటోలు కనబడకపోయినా అత్తగారు ఆమెనే కేకేసేది.

చిన్నకోడలు వచ్చి ఏడాదైంది. కాలేజీ ల్యాబులో ఉద్యోగం. మామగారి పాత కంప్యూటరు తెరుచుకోవడానికి పావుగంట పడుతోందని విని, ఒక ఆదివారం అందులో విండోస్‌ను కదపకుండా పక్కనే, కంప్యూటరును నడిపే మరో తేలికపాటి వ్యవస్థ లినక్స్‌ను ఎక్కించింది. ఇప్పుడు మీట నొక్కగానే ఏది కావాలని తెర అడుగుతుంది. మామగారు వచ్చినవాళ్ళందరికీ చూపించారు.

"ఒకే పెట్టెలో రెండు కాపురాలు పెట్టింది మా చిన్నది. గొడవల్లేవు."

పెద్దకోడలు నవ్వింది కానీ ఆ పూట ముద్ద దిగలేదు. అత్తగారు "కంప్యూటరమ్మా" అని పిలిస్తే ఇద్దరూ తిరిగారు. అత్తగారి చూపు చిన్నదాని మీద ఉంది.

తన ల్యాప్‌టాప్‌లో తానే చేసి చూపించాలనుకుంది పెద్దకోడలు. అందులో ఒక రిటైర్డ్ సర్వేయరు రాసుకున్న ఆత్మకథ, రెండు వందల పేజీలు, కట్టి సిద్ధంగా ఉంది. ముందు దానికి కాపీ తీసుకోవాలి. బయటి డిస్కు చిన్నకోడలి దగ్గరుంది. అడిగితే ఎందుకంటుంది. వద్దులే అనుకుని, కాపీ లేకుండానే మొదలుపెట్టింది.

లినక్స్ చక్కగా ఎక్కింది. మళ్ళీ తెరిస్తే నేరుగా అందులోకే వెళ్ళింది. విండోస్ పేరు ఎక్కడా లేదు. గంటసేపు కుస్తీ పట్టింది. చివరికి లేచి తోడికోడలి గది ముందు నిలబడింది.

"ఒకసారి ఇటొస్తావా?"

చిన్నకోడలు వచ్చి, గది తలుపు దగ్గరకు వేసి కూర్చుంది.

"విండోస్ ఎక్కడికీ పోలేదక్కా. ఉన్నచోటే ఉంది. మెనూలో పేరు ఎక్కలేదంతే."

రెండు లైన్ల ఆదేశాలు కొట్టి మళ్ళీ తెరిచింది. రెండు పేర్లూ వచ్చాయి. సర్వేయరు పేజీలు చెక్కుచెదరలేదు.

"అత్తయ్యతో అంటావా?"

"అనడానికేముంది? ఎక్కించింది నువ్వే కదా."

ఆ మంచితనమే పెద్దకోడలికి ముల్లులా గుచ్చుకుంది. ఒక్క ఎత్తిపొడుపు మాట అనేసినా తిరిగి ఒకటి అని కడుపుమంట చల్లార్చుకునేది. అయినా కాగితం తీసుకుంది.

"ఆ రెండు లైన్లూ చెప్పు, రాసుకుంటాను."

నెల తిరక్కుండా అచ్చాఫీసు యజమాని కంప్యూటరులో తడబడకుండా అదే పని చేసిపెట్టింది. ఆయన ఆశ్చర్యపోయాడు.

"ఇదెక్కడ నేర్చుకున్నారండీ?"

పెద్దకోడలు కొంచెం తటపటాయించింది.

"మా ఇంట్లో ఒకళ్ళు చెప్పారు లెండి," అని తన పేజీల వైపు తిరిగింది.