ఇరవై నాలుగూ నేనే మూశాను

ఒకే ఒక్క ఆదేశం టైపు చేసి, చేతికి రాబోయే సర్టిఫికెట్‌నూ, దాని వెనకున్న ఉద్యోగాన్నీ, మా మామ పరువునూ ఒకేసారి పోగొట్టిన మనిషిని మీరు ఎక్కడా చూసి ఉండరు. ఇప్పుడు చూస్తున్నారు. సిగ్గుగానే ఉంది, అయినా చెబుతాను.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. మా ఊరు ముద్దనూరు దగ్గర. చిలమకూరు వైపు ఒక ఫ్యాక్టరీలో కంప్యూటర్ల పని ఖాళీగా ఉందనీ, నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్ తెస్తే ఇస్తామనీ అన్నారు. అందుకని ప్రొద్దుటూరులో ఆరు నెలలు నేర్చుకున్నాను. నేర్చుకున్నదానికంటే గర్వపడిందే ఎక్కువ. నల్ల తెర మీద ఆదేశాలు టైపు చేయడంలో నా అంత వేగం ఎవరికీ లేదు మరి. రెండక్షరాలు, ఒక ట్యాబ్ (మిగతా పదం అదే నింపుకుంటుంది), ఎంటర్, అంతే! పదం మొత్తం కొట్టేవాళ్లను చూస్తే, పెళ్లి భోజనంలో మెతుకులు ఏరుకుని తినేవాళ్లను చూసినట్టు జాలిపడేదాన్ని. "ప్రతి ప్రశ్న తర్వాత సేవ్ చేసుకోండి" అని సారు చెబితే, అది నిదానస్తులకు చెప్పిన మాట అనుకున్నాను.

పరీక్ష రోజు మా మేనమామ ఓబుళేసు తన గొర్రెలను పక్కింటివాళ్లకు అప్పగించి, నన్ను బండి మీద పరీక్ష సెంటరుకు తీసుకొచ్చాడు. బయట బెంచీ మీద కూర్చుని, వచ్చేపోయే వాళ్లందరికీ "లోపల మా పాప పరీచ్చ రాస్తాంది" అని చెప్పుకుంటున్నాడు.

పరీక్ష గంటసేపు. వెనక గదిలో స్విచ్ అనే పెట్టె ఉంటుంది, దానికి వైర్లు తగిలించే రంధ్రాలు ఇరవై నాలుగు, వాటినే పోర్టులంటారు. నా కంప్యూటరు నుంచి ఒక వైరు దానికి పోతుంది. ఆ వైరు మీదుగానే పెట్టెకు ఆదేశాలివ్వాలి. నలభై నిమిషాలకే చివరి ప్రశ్నకొచ్చేశాను. 'వాడని పోర్టులు మూసేయండి.' ఇరవై నాలుగింటిలో వాడుకలో ఉన్నవి మూడే. మిగతా ఇరవై ఒకటీ ఏరి ఏరి మూయడం ఎవరి వల్లవుతుంది? ముందు అన్నీ ఒకేసారి మూసేసి, తర్వాత ఆ మూడూ తెరిస్తే సరి! నా తెలివికి నేనే మురిసిపోయి ఎంటర్ నొక్కాను.

తెర కొయ్యబారిపోయింది.

"ఖాదరన్నా! మీ వైరు పోయింది!" అని అరిచాను. ఖాదరన్న ఆ సెంటర్లో యంత్రాలు చూసుకునే పెద్దాయన.

"ఇంతసేపూ బాగుండె కదమ్మా. ఏం కొట్టినావు?"

"నేనేం కొట్టలేదు. వైరే!"

పాపం, టేబుల్ కిందికి దూరి వైరు మార్చాడు. కదల్లేదు. కంప్యూటరే మార్చాడు. అయినా కదల్లేదు.

"మీ సెంటర్లో ఒక్క వస్తువన్నా పనిచేస్తాందా?" అన్నాను. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నా చెవులు కాలిపోతాయి.

నా గొంతు విని మామ లోపలికి దూసుకొచ్చాడు. "ఏందప్పా ఇది? ఆరు నెల్లు కష్టపడిన పాపకు పాడు వైరు ఇస్తావా?"

"నువ్వు ఒక నిమిషం ఉండప్పా" అని, ఖాదరన్న వెనక గదిలోకి పోయి తన లాప్‌టాప్‌ను పెట్టెకు మరమ్మతుల కోసం విడిగా ఉండే రంధ్రానికి తగిలించాడు. తిరిగొచ్చి, నలుగురికీ వినపడకుండా మెల్లగా అన్నాడు: "అన్నీ మూసుండాయమ్మా. నీ కంప్యూటరు వైరు ఉండే పోర్టు గూడా. ఆ ఆదేశం నీ పేరు మీదే ఉండాది."

మూసుకున్న పోర్టు లోంచి 'తెరుచుకో' అని చెప్పడానికి దారేది? నా పథకంలో ఆ సంగతే లేదు.

"ఇప్పుడెట్లన్నా?"

"నీ పరీక్షలో నేను ఆదేశమియ్యగూడదు. పెట్టె ఆపి మళ్లా ఆన్ చేస్తే తెరుచుకుంటాయిలే. అంతకుముందు చేసిందంతా సేవ్ చేసినావు కదా?"

నిదానస్తుల పని కదా, ఒక్కసారీ చేయలేదు; పెట్టె ఆపితే నలభై నిమిషాల పనీ తుడిచిపెట్టుకుపోతుంది.

"ఏందంటాడు పాపా?" అన్నాడు మామ. సంగతి చెప్పాను. మామ నా వైపు తిరిగాడు. "అంటే, దొడ్డికి తాళమేసి, తాళంచెవి లోపలికి ఇసిరేసి, ఈయప్పను దొంగను చేసినావా?"

అవునన్నాను. మామ ఖాదరన్నకు చేతులు జోడించి "తప్పయిందప్పా" అన్నాడు. నా నోటి నుంచి ఆ ఒక్క ముక్క కూడా రాలేదు. తల వంచుకుని బయటికొచ్చేశాను.

పరీక్ష తప్పాను, ఉద్యోగం ఎవరో జమ్మలమడుగు అమ్మాయికి పోయింది. మూడు నెలల తర్వాత మళ్లీ పరీక్షకు వెళ్లినప్పుడు, ముందు ఖాదరన్న దగ్గరికే పోయి క్షమించమని అడిగాను. "నువ్వు తిట్టింది వైరును కదమ్మా, నన్ను కాదులే" అన్నాడు. ఆయన నన్ను తిట్టినా అంత సిగ్గుపడేదాన్ని కాదు. ఆ పరీక్ష మాత్రం పాసయ్యాను.

ఇప్పుడు పులివెందులలో ఒక ఆఫీసు నెట్‌వర్కు చూసుకుంటున్న నేను, ఎవరి బలవంతమూ లేకుండా, పూర్తి స్పృహతో ప్రమాణం చేసి చెప్పేదేమనగా: తెర ఆగిపోయిన ప్రతిసారీ ముందు నా పది వేళ్లనే అనుమానిస్తాను. అవి నిర్దోషులని తేలాకే వైరు జోలికి పోతాను.

ఇంతవరకూ వైరు దాకా పోవాల్సిన అవసరం ఒక్కసారి కూడా రాలేదు.