సోఫా మీది హోరు

చనిపోయిన రోజు పొద్దున బాబాయి మా ముందుగదిలో స్పీకర్‌ని గోడ నుంచి జానెడు ఇవతలికి లాగాడు. "గోడకి ఆనిస్తే బిందెలో తలపెట్టి పాడినట్టుంటుందిరా" అని విసుక్కున్నాడు. మధ్యాహ్నానికి గుండె ఆగింది.

ఇళ్లలో పాటలు వినే గదులు సరిచేయడం ఆయన పని. స్పీకర్లు కూడా తనే తయారుచేసేవాడు. ఒకసారి పెద్ద షోరూమ్‌లో ఆయన స్పీకర్లనీ, యజమాని అమ్మే స్పీకర్లనీ పక్కపక్కన పెట్టి వినిపించారు. యజమాని తనవాటికి ధ్వని రవ్వంత పెంచి ఉంచాడు. కాస్త గట్టిగా మోగేదే మంచిదనిపించడం చెవి బలహీనత. జనం అటే మొగ్గారు.

"గురువుగారూ, మీది పాడట్లేదు, దగ్గుతోంది. కాస్త కషాయం పట్టండి" అన్నాడు యజమాని. అందరూ పగలబడి నవ్వారు. ఆ తర్వాత బాబాయి స్పీకర్లు ఎవరూ కొనలేదు.

"వాడి పొగరు అణచకపోతే పేరు మార్చుకుంటా" అనేవాడు.

"ఏ పేరో ఇప్పుడే చెప్పండి, పిలవడం అలవాటు చేసుకుంటా" అనేది పిన్ని.

కొన్నేళ్లకి ఆ యజమాని భార్యే కబురు పెట్టింది, ఇంట్లో పాటల గది ఎవరు చూసినా కుదరడం లేదని. బాబాయి ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ వెళ్లాడు.

ఒకే గదిలో మంద్రధ్వనులు ఒక్కోచోట ఒక్కోలా పోగుపడతాయి. మనిషి కూర్చునేచోట మైకు పెట్టి కొలిచి, ఈక్వలైజర్‌తో ఎక్కువైనవి తగ్గించాలి. బాబాయి మైకుని కావాలనే గుమ్మంలో పెట్టాడు. గుమ్మంలో నిలబడితే స్వర్గం. సోఫాలో కూర్చుంటే ప్రతి పాట వెనకా బోరు మోటారు హోరు. ఆవిడకి గుమ్మంలోనే వినిపించి వచ్చేశాడు.

"అంత పోసి సోఫా కొన్నాడుగా, అందులోనే కూర్చుని ఏడవనీ" అని నాతో చెప్పి నవ్వాడు. నాకూ కడుపు చల్లబడింది. ఆ యజమాని ఎదురైనప్పుడల్లా బాబాయి ఆపి అడిగేవాడు, "పాటలు బాగున్నాయా?" అని.

"భేషుగ్గా" అనేవాడతను. పళ్లు కొరుక్కుంటూ అబద్ధమాడుతున్నాడని మేం మురిసిపోయేవాళ్లం.

బాబాయి పోయాక ఆ యజమాని భార్య పరామర్శకి వచ్చింది. "రోజూ పని ముగించుకుని ఆ సోఫాలో కూర్చునేదాన్ని బాబూ. ఏదో హోరు వచ్చేది. ఆయనంతటివారు సరిచేశాక ఇంకేముంటుంది, నాకే వినడం రాదనుకున్నాను" అంది.

"మరి మీవారు ఏమనేవారు?" అన్నాను.

"ఆయనా? ఆయనకి పాటలంటే తలనొప్పి. ఆ గదిలో ఒక్కనాడూ కూర్చోలేదు."