తావూస్‌కి దక్కని వైధవ్యం

పారిస్ శివార్లలోని నాంతేర్‌లో తావూస్‌ని నలభై ఏళ్లపాటు మొగుడు వదిలేసిన మనిషిగానే చూశారు.

అల్జీరియానుంచి వచ్చిన ఆమె భర్త అక్లీ కార్ల ఫ్యాక్టరీలో రంగులు వేసేవాడు. 1961 అక్టోబరులో, అల్జీరియా ఇంకా ఫ్రాన్సు పాలనలో ఉండి స్వాతంత్ర్యం కోసం పోరాడుతుండగా, పొద్దుపోయాక అల్జీరియావాళ్లెవరూ వీధిలో కనబడకూడదని పోలీసులు హుకుం జారీ చేశారు. అది కూడదంటూ పారిస్‌లోని అల్జీరియావాళ్లు ఊరేగింపు తలపెట్టారు. జేబులో చిన్న చాకు కూడా ఉండకూడదని ఊరేగింపు పెద్దల మాట. అక్లీ ఉన్నవాటిలో మంచి కోటు తొడుక్కున్నాడు.

"పెళ్లికొడుకులా ఉన్నావే! ఎవతెని చూడ్డానికి?" అంది తావూస్.

"నీకు సవతిని తేవడానికి. శనగల పులుసు చల్లారనివ్వకు."

మనిషి తిరిగి రాలేదు. మూడో రోజు ఆమె ఫ్రెంచి తెలిసిన పక్కింటావిణ్ణి వెంటబెట్టుకుని, చంకలో పిల్లతో పోలీసు కచేరీకి వెళ్లింది. గుమాస్తా రిజిస్టరు తెరవనైనా లేదు.

"నీ మొగుణ్ణి మీ దేశం పంపించేశాం. అక్కడ వెతుక్కో."

అత్తకు ఉత్తరం రాయించింది. రెండు నెలలకు జవాబొచ్చింది: వాడిక్కడికి రాలేదు, నువ్వేమన్నావని వెళ్లిపోయాడు? ఆ ఉత్తరం పట్టుకుని మళ్లీ వెళ్తే గుమాస్తా నవ్వాడు. "అయితే ఎవతెతోనో లేచిపోయుంటాడు."

పక్కింటావిడ నోటిమీదుగా ఆ మాట పేటంతా పాకింది. పేపర్లు ఆ ఊరేగింపులో చచ్చింది ఇద్దరో ముగ్గురో అని రాసి ఊరుకున్నాయి. అల్జీరియాకు స్వాతంత్ర్యం వచ్చాక ఆ సాయంత్రం ఊసెత్తినవాళ్లే లేరు. తావూస్ ఆస్పత్రి దుప్పట్లు ఉతికి కూతురు ఘానియాను పెంచింది. కొత్త కోడళ్లకు ఆమెను చూపించి, "మొగుణ్ణి నిలుపుకోవడం రాని మనిషి" అనేవారు.

2001లో పారిస్‌లో నది వంతెన దగ్గర, ఆ ఊరేగింపులో చంపబడ్డవాళ్ల గుర్తుగా చిన్న ఫలకం పెట్టారని టీవీలో చూపించారు. మర్నాడే అక్లీతో కలిసి పనిచేసిన బెల్కాసెమ్ వచ్చాడు.

"వదినా, ఆ రోజు నేను వాడి పక్కనే ఉన్నాను. లాఠీలతో కొట్టి, కాళ్లూ చేతులూ పట్టుకుని నదిలోకి విసిరేశారు."

"ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదు?"

"మొదట పోలీసులకి భయపడ్డాను. తర్వాత నీకు భయపడ్డాను."

ఘానియా బయటకు పొమ్మని అరిచింది. తావూస్ కూతుర్ని ఆపి, "ఆఖర్న ఆయనేమైనా అన్నాడా?" అని అడిగింది.

"అంత టైమెక్కడిది వదినా!"

అప్పుడేడ్చింది తావూస్. ఆ శుక్రవారం ఖురాన్ చదివించి, కుస్‌కుస్ వండి చావు భోజనం పెట్టింది. ఆ రోజునుంచి, భర్త పోయిన ముస్లిం ఆడది ఇల్లు కదలకుండా పట్టాల్సిన నాలుగు నెలల పది రోజుల మైల పట్టింది.

"అరవై దాటాక ఇదేంటమ్మా? డాక్టరు దగ్గరకైనా రా" అని ఘానియా పోరినా గడప దాటలేదు.

గడువు తీరాక మోకాళ్లు చూపించుకోవడానికి వెళ్లినప్పుడు, ఫారం నింపే పిల్ల "పెళ్లయిందా?" అని అడిగింది.

"వితంతువు అని రాయమ్మా" అంది తావూస్.