బోలెముకల జాతి

తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైన మనిషి ఉన్న ఇంటికి పాలవాడు కొలతకంటే ఇంకాస్త ఎక్కువే పోసి పరుగెత్తుతాడు. ఈయనకు కొట్లవాళ్లు పెట్టిన పేరు తక్కెడ. పోయిన భార్య మాత్రం అనుమానపు పక్షి అనేది. ఆవిడ ఉత్తినే అనలేదు.

ఆదివారం మధ్యాహ్నాలు కొడుకు, కోడలు, కోడలి స్నేహితురాలు పళ్ల డాక్టరమ్మ తలుపేసుకుని కూర్చునేవాళ్లు. లోపల్నించి పాచికల చప్పుడు. ఇంకేముంది, కొంపలో జూదం మొదలైందనుకున్నాడు తక్కెడ. ఓ కన్నేసి ఉంచుదామని లోపలికెళ్లి కుర్చీ లాక్కున్నాడు.

తీరా చూస్తే అదొక కథలాట. ఒక్కొక్కరిదీ ఒక్కో వేషం. కోడలు కథ నడుపుతుంది, శత్రువుల తరఫున పాచికలు వేస్తుంది. దెబ్బ తగిలిందీ లేనిదీ పాచిక చెబుతుంది, అంకె ఎంత పెద్దదైతే దెబ్బ అంత గట్టిది. మరుగుజ్జులూ మంత్రగత్తెలూ ఆయనకు ఆనలేదు. పక్షిమనుషుల జాతిని తనే తయారుచేస్తానన్నాడు.

“ఎగిరేవాళ్లతో చిక్కు మామయ్యా. గోడలూ గోతులూ దాటేస్తూ పోతే ఇంక ఆటేముంటుంది?” అంది కోడలు.

“ఊరికే ఎగరనిస్తానా? ఎగరాలంటే ఎముకలు బోలుగా ఉండాలి. బోలెముక మీద దెబ్బ పడితే నష్టం రెట్టింపు. చేతులే రెక్కలు, ఎగిరేటప్పుడు కత్తి పట్టడం కుదరదు. ఈ పళ్లెంలో ఎంత వేస్తే ఆ పళ్లెంలోనూ అంత వెయ్యాలమ్మా.”

వారమంతా అదే పని. ఓ ఈకను వంటింటి త్రాసులో పెట్టి, ముల్లు కదల్లేదని తిట్టుకున్నాడు. ఈకలు రాలే కాలంలో తన జాతివాళ్లు నడిచే పోవాలని రాశాడు. ఆ పనిలో ఆయనకు ఆకలి కూడా గుర్తురాలేదు.

ఆట మొదలయ్యాక కొన్నాళ్లు బాగానే ఉంది. తర్వాత అనుమానపు పురుగు తొలిచింది. కొడుకు మరుగుజ్జుకు కాలు విరిగింది. డాక్టరమ్మ మంత్రగత్తెకు చావు తప్పి కన్ను లొట్టపోయింది. తన పక్షి మీద మాత్రం ఈగ వాలలేదు. కోడలు పాచికలు వేసేది నిలబెట్టిన అట్ట వెనక. అది ఆట పద్ధతే, ఎవరూ తొంగిచూడరు. కానీ ఆమె ముందు పాచికను చూసేది, తర్వాత ఈయన్ను చూసేది, అప్పుడు “తప్పింది” అనేది. దొంగ కాటా పెట్టిన కొట్టువాడి చూపూ అచ్చం అలాగే ఉండేది.

ఆయనకు కోపంకంటే అవమానం ఎక్కువైంది. ముసలాయనకు ఓ బొమ్మ చేతికిచ్చి బుజ్జగిస్తున్నారన్నమాట! నన్ను ఆటలో చేర్చుకున్నట్టా, కూర్చోబెట్టి జోకొడుతున్నట్టా?

మళ్లీ ఆదివారం ఆటలో గుహ కాపలావాడు పక్షి మీదికి గద ఎత్తాడు. అట్ట వెనక పాచిక దొర్లింది.

“తప్పింది మామయ్యా.”

“అట్ట తియ్యి.”

“నాన్నా, అలా చూడకూడదు,” అన్నాడు కొడుకు.

“నీకైతే నిజం పాచిక, నాకైతే జాలి పాచికానా? తియ్యమ్మా.”

కోడలి మొహం ఎర్రబడింది. అట్ట మడిచింది. పాచిక మీద అన్నిటికంటే పెద్ద అంకె ఉంది.

“ఒక్క దెబ్బకే పోతాడు మామయ్యా. అంత ఇష్టంగా చేసుకున్నారు. వాడు పోతే మీరు మళ్లీ ఈ గదిలోకి రారేమోనని...”

ఈ కారణం ఆయన అనుమానాల్లో ఎక్కడా లేదు. పాచిక మీది అంకెపై వేలు పెట్టాడు.

“లెక్క వెయ్యి,” అన్నాడు.

వేసింది. రెట్టింపు. పక్షి చచ్చిపోయింది. డాక్టరమ్మ తల దించుకుంది. తక్కెడకు ఏడుపూ వచ్చింది, ఏళ్ల తర్వాత ఎవరో తనతో సరిగ్గా తూచి మాట్లాడినట్టు సంతోషమూ వేసింది. కళ్లజోడు తుడుచుకుని తెల్లకాగితం ముందుకు లాక్కున్నాడు.

“ఆ కాపలావాణ్ణి అక్కడే ఉంచమ్మా. నా పక్షికో చెల్లెలుంది, వస్తోంది.”