రెండుసార్లు కొడితే భోజనం

ఫాదరుగారికి గడియారమంటే గిట్టదు. ఆయనకు తెలిసిన సమయం ఒక్కటే, గంట చెప్పిన సమయం. ఒకసారి మోగితే ప్రార్థన, రెండుసార్లు మోగితే భోజనం, మూడుసార్లు మోగితే పడక. దిక్కులేని ఆడవాళ్ళ కోసం సిస్టర్ల సంఘం, ముసలివాళ్ళ కోసం బ్రదర్ల సంఘం స్థాపించిన అంత పెద్దమనిషీ, గంట వినబడితే చాలు, సగం గీసిన గడ్డంతో, ముఖాన సబ్బు నురగతో పరుగెత్తుకొచ్చేవారు.

గంట కొట్టేవాడు సరైనవాడైతే ఏ గొడవా ఉండకపోను. ఆ పని ఆయన ఇచ్చింది ఆశ్రమం మొత్తంలోకీ మతిమరుపు మనిషికి. రైల్వేగేటు దగ్గర ముప్పై ఏళ్ళు పనిచేసిన తాత. తిన్నదీ గుర్తుండదు, తిననిదీ గుర్తుండదు. దాంతో ఇంట్లో ఉన్న డెబ్బైమందికీ ఏ పూట ఏదో తెలియకుండా పోయింది. ఒకరోజు మాడు పగిలే ఎండలో గంట మూడుసార్లు మోగింది. అందరూ మోకరించి, ఈ రాత్రి మమ్మల్ని చల్లగా కాపాడు ప్రభువా అని ప్రార్థించి, పడుకున్నారు. పాలవాడు వచ్చి తలుపు బాది బాది, ఇల్లు ఖాళీ చేశారనుకుని వెళ్ళిపోయాడు.

వంటిల్లు చూసుకునే పెద్ద సిస్టరుకు ఎప్పుడు పొయ్యి వెలిగించాలో తెలియక బుర్ర తిరిగిపోయేది. గంట కొట్టే పని ఇంకెవరికైనా ఇవ్వమని ఎన్నిసార్లో మొత్తుకుంది. ఫాదరుగారు బుద్ధిగా తలూపి, మర్నాడు తాతకు కొత్త తాడు తెచ్చిచ్చారు.

ఇంతలో బిషప్ గారు వస్తున్నారని కబురు. బ్రదర్ల సంఘాన్ని ఉంచాలో తీసేయాలో చూసి తేలుస్తారట. తీసేస్తే ముసలివాళ్ళంతా తలోదారి పట్టాల్సిందే. పెద్ద సిస్టరు ఎవరికీ చెప్పకుండా గంట తాడు పైకి లాగి దూలానికి ముడేసింది.

ఆరోజు అన్నీ గడియారం ప్రకారమే జరిగాయి. సరిగ్గా పన్నెండున్నరకు వడ్డన. బిషప్ గారు మెచ్చుకోలుగా చూశారు. అందరూ తిని లేచారు, తాత మాత్రం కంచం ముట్టలేదు.

"తినండి తాతగారూ," అంది సిస్టరు.

"నేను పిలవలేదు కదమ్మా. వీళ్ళంతా ఎలా వచ్చారు?" అన్నాడు తాత, అయోమయంగా.

సిస్టరు ఫాదరుగారి వంక చూసింది. ఆయన పక్కకు పిలిచి సంగతి చెప్పారు. వచ్చిన కొత్తలో, పనీపాటా లేకుండా కూర్చుని తినడం సిగ్గని తాత నాలుగు రోజులు మెతుకు ముట్టలేదట. అయిదోరోజు తాడు చేతికిస్తే గంట కొట్టాడట. నలుగురూ వచ్చి కూర్చున్నాక తానూ తిన్నాడట.

"ఆయన పిలిచాక మనం వెళ్ళకపోతే ఎలాగమ్మా?" అన్నారు ఫాదరుగారు.

పెద్ద సిస్టరుకు కళ్ళు చెమర్చాయి. తనమీద తనకే కోపమొచ్చింది. వెళ్ళి ముడి విప్పింది. తాత రెండుసార్లు కొట్టాడు. అప్పుడే చేతులు కడుక్కున్న డెబ్బైమందీ మారుమాట లేకుండా మళ్ళీ వచ్చి కూర్చున్నారు. అందరికంటే ముందు ఫాదరుగారు. బిషప్ గారికి ఏమీ అర్థంకాక సిస్టరును అడిగారు. విన్నాక నడుముపట్టీ వదులు చేసుకుని ఆయనా కూర్చున్నారు. తాత కడుపునిండా తిన్నాడు.

సాయంత్రం బిషప్ గారు అనుమతి పత్రం మీద సంతకం పెట్టి, తేదీ వేసి, సమయం రాయవలసిన చోట కలం ఆపారు. తాతను పిలిపించి, టైమెంతయిందని అడిగారు.

"పొద్దున్న ఏడు," అన్నాడు తాత తడుముకోకుండా.

బిషప్ గారు అదే రాశారు.